చెంచా పొడి, ఎనిమిది చెంచాల నీళ్ళు

19-2-61, ఆదివారం

ఈ నోటు పుస్తకం బడి పాఠాలు రాసుకోవడానికి కొన్నది. ఇక ఇందులో ఇంటి సంగతులే రాసుకుంటాను. ఎవరితోనూ మాట్లాడాలని లేదు.

జయమణి పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. బిడ్డకూ పన్నెండు రోజులే. ఆడపిల్ల. కరుణ అని పేరు పెట్టాను. పేరు జయమణి అనుకున్నదే.

ఇవాళ గుళ్ళో పాస్టరు అయ్యగారు దేవుని చిత్తం అన్నారు. దేవుని చిత్తం సంగతి నాకు తెలియదు. మంత్రసాని మాట మాత్రం చెవిలో ఉంది. "కాస్త నెత్తురేనండీ, అందరికీ అయ్యేదే" అంది. కాస్త అంటే ఎంత? గ్లాసెడా, చెంబెడా? నేను అడగలేదు. పదేళ్ళుగా చిల్లకల్లు బడిలో లెక్కలు చెబుతున్నాను, ఆ ఒక్క లెక్క అడగడం నాకు తోచలేదు. లారీ పట్టుకుని నందిగామ ఆసుపత్రికి చేరేసరికి గుడ్డలన్నీ తడిసిపోయాయి. డాక్టరుగారు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశారు.

ఇకమీదట ఈ ఇంట్లో కాస్త, కొంచెం, చిటికెడు, గుప్పెడు అనే మాటలు ఉండకూడదు.

22-2-61

కరుణకు మేకపాలు పడలేదు. తాగినవన్నీ కక్కేసింది. ఇవాళ అత్తా నేనూ బస్సులో నందిగామ తీసుకెళ్ళాం. అత్త సౌభాగ్యమ్మ, జయమణి తల్లి, కూతురు పోయిన రోజున పెనుగంచిప్రోలు నుంచి వచ్చి, కూలిపనులు మానుకుని ఇక్కడే ఉంటోంది.

నర్సమ్మ దేవమణిగారు మంచి మనిషి. విదేశాల నుంచి ఆసుపత్రికి వచ్చే పాలపొడి ఒక సంచీకి పోసి ఇచ్చింది.  చీటీ కూడా రాసిచ్చింది. పూటకు పొడి ఒక తులం, కాచి చల్లార్చిన నీళ్ళు ఎనిమిది తులాలు. మూడు గంటలకొకసారి.

ఇంట్లో తక్కెడ లేదు. తిరుగు ప్రయాణంలో జగ్గయ్యపేటలో దిగి, కొలిచే గిద్ద ఒకటి, చెంచా ఒకటి కొన్నాను. కొట్లోనే గిద్దకు బియ్యం అంచుకు సమంగా తలగొట్టి పోసి తూయించాను. సరిగ్గా ఐదు తులాలు. అవే బియ్యం చెంచాతో తలగొట్టి తీస్తే ఐదు చెంచాలు. అంటే చెంచాకు తులం. ఇంత చక్కగా కుదురుతుందనుకోలేదు. చెంచా పొడి, ఎనిమిది చెంచాల నీళ్ళు. ఎవరైనా కలపొచ్చు, ఎప్పుడు కలిపినా ఒకటే.

అత్తకు చూపించాను. పాలను వేలితో తాకి చూసింది.

"మరీ పలచగా ఉన్నయ్ అబ్బాయ్. వేలికి అంటుకోటల్లా."

"చీటీలో ఎట్లా ఉందో అట్లాగే కలిపాను అత్తా. అంచనాలు వద్దు."

"సరేలే. చదువుకున్నోడివి" అంది.

27-2-61

కొత్త తూనికల మీద నందిగామలో మాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు కదా, దాన్నిబట్టి ఒక పట్టిక తయారుచేశాను. వంటింటి కొలతలన్నీ గ్రాముల్లోకి. గిద్ద ఐదు తులాలు, 58 గ్రాములు. సోల ఇరవై తులాలు, 233 గ్రాములు. తవ్వ, మానిక, అడ్డ, కుంచం దాకా. త్వరలో శేరూ వీశా ఎక్కడా కనబడవట. ఊళ్ళో ఆడవాళ్ళు కంగారుపడకుండా ఇదొక్కటి చూసుకుంటే చాలు.

హెడ్మాస్టరు దశరథరామయ్యగారికి ఎంత నచ్చిందంటే, బడి వసారా గోడ మీద నల్లరంగు పూయించి తెల్ల అక్షరాలతో రాయించారు. కింద నా పేరు. "దుఃఖంలో ఉండి కూడా ఇంత పని చేశావయ్యా కృపారావూ" అన్నారు.

దుఃఖంలో ఉన్నాను కాబట్టే చేశాను. ఆ మాట చెప్పలేదు.

5-3-61

ఆదివారం, పాలు నేనే కలిపాను. పొద్దుటి నుంచీ ఏడుపే. తాగినంతసేపు ఊరుకుంటుంది. గిన్నె ఖాళీ కాగానే మళ్ళీ. తల్లి లేని పిల్ల, ఏడవక ఏం చేస్తుంది.

9-3-61

బళ్ళ ఇన్స్పెక్టరుగారు వచ్చారు. పట్టిక ముందు నిలబడి పూర్తిగా చదివారు. ఏప్రిల్లో జగ్గయ్యపేటలో ఆడవాళ్ళకు కొత్త తూనికల సభ పెడుతున్నారు, అక్కడ నన్నే మాట్లాడమన్నారు.

ఇంటికొచ్చేసరికి కరుణ నిద్రపోతోంది. ఈ రెండు రోజులుగా ఏడుపు తగ్గింది. బుగ్గల మీద కొద్దిగా రంగు కూడా వచ్చినట్టుంది. కొలత పద్ధతిగా ఉంటే పిల్లలు పద్ధతిగా ఉంటారు.

12-3-61

సంచీలో పొడి ఉండవలసిన దానికంటే చాలా తక్కువ ఉంది. పద్దెనిమిది రోజులే అయింది. పూటకు చెంచా చొప్పున తీసిన గిద్దలు లెక్కగడితే సంచీ సగానికి పైగా నిండుగా ఉండాలి. అడుగున నాలుగు వేళ్ళ మందం మిగిలింది.

ఎలుకలు కాదు. సంచీకి చిల్లు లేదు.

14-3-61

రాయాలి. రాస్తే మనసు కుదుటపడుతుందేమో.

అత్త కొడుకు స్తెఫనుకు పెనుగంచిప్రోలులో ముగ్గురు చిన్నపిల్లలు. నిన్న అతను వచ్చి అక్కను తలుచుకుని ఏడ్చి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు చేతిలో ఏదో మూట ఉంది. ఇవాళ బడి నుంచి పెందలాడే వచ్చాను. అత్త పొయ్యి దగ్గర సంచీ విప్పుకుని కూర్చుంది. నన్ను చూడగానే చెయ్యి కొంగులో పెట్టుకుంది. కొంగుకు తెల్లగా పొడి.

"ఎవరికి అత్తా ఇది?"

"పిల్లకే."

"పిల్లకు పూటకు చెంచా. నువ్వు చేత్తో తీస్తున్నావు. మిగిలింది ఎక్కడికి పోతోంది?"

"పిల్ల కడుపులోకే పోయింది అబ్బాయ్. ఇంకెక్కడికి పోద్ది?"

"స్తెఫను చేతిలో మూట నేను చూశాను."

ఆమె నావైపు చూసింది. మూటలో జయమణి చీర ఒకటి, గుర్తుగా ఉంచుకోమని తనే ఇచ్చానంది. నేను నమ్మలేదు. తల్లి లేని పిల్ల నోటి దగ్గరిది తీసేవాళ్ళను ఏమనాలో నాకు తెలుసని అన్నాను. ఇంకా కొన్ని అన్నాను. పక్కింటి ఇశ్రాయేలూ వాళ్ళావిడ మార్తమ్మా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

సంచీని జయమణి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

15-3-61

అత్త వెళ్ళిపోయింది. పిల్లను మార్తమ్మ చేతికిచ్చి, చెప్పకుండా వెళ్ళింది.

17-3-61

ఒంటిపూట బళ్ళు. నేను బడిలో ఉన్నంతసేపు మార్తమ్మ చూస్తుంది. పూటకొక కాగితం పొట్లంలో చెంచా పొడి కట్టి ఇచ్చి వెళుతున్నాను. ఇక తేడా వచ్చే వీలు లేదు.

కరుణ మళ్ళీ ఏడుస్తోంది. అమ్మమ్మ అలవాటు కదా, నాలుగు రోజులు పడుతుంది.

24-3-61

ఏడుపు పూర్తిగా మానింది. అలవాటైంది. ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. మార్తమ్మ "ఇంత నెమ్మదైన పిల్లని నేను సూళ్ళా పంతులుగారూ" అంది. ఆ మాట మెచ్చుకోలుగా లేదు. ఎందుకో తెలియదు.

2-4-61, ఈస్టరు

గుడికి తీసుకెళ్ళాను. అయ్యగారి భార్య గుడ్డ తొలగించి కరుణ కాళ్ళు చూసింది. తొడ దగ్గర చర్మం వదులుగా ముడతలు పడింది.

"పిల్ల బలహీనంగా ఉందండీ, డాక్టరుకి చూపించండి" అంది.

"అమ్మ పోలిక. సన్నగానే ఉంటుంది" అన్నాను.

జయమణి సన్నగా ఉండేది కాదు. ఎందుకట్లా చెప్పానో.

పేట సభ కాగానే నందిగామ వెళ్ళాలి. పొడి కూడా అయిపోవచ్చింది.

8-4-61

సభ. ఇంటికి వచ్చేశాను.

9-4-61, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

సభకు ఆడవాళ్ళు వందమంది దాకా వచ్చారు. పట్టిక పెద్ద అట్ట మీద రాసి పట్టుకెళ్ళాను. బల్ల మీద కొత్త తక్కెడ, మెరుస్తున్న గ్రాముల రాళ్ళు. సోల బియ్యం తూచి చూపించాను. సరిగ్గా వచ్చింది. చప్పట్లు కొట్టారు. "ఇక మీ ఇంట్లో ఏ సరుకైనా సరే, సోల అంటే 233 గ్రాములు" అన్నాను.

వెనక నుంచి ఒకామె లేచింది. రత్తమ్మ అట, పేట సంతలో కారం, ఉప్పూ పసుపూ అమ్ముతుంది.

"అదెట్టా పంతులుగారూ? సోలెడు కారం, సోలెడు ఉప్పు ఒకటే తూగుతయ్యా?"

"సోల సోలే కదమ్మా."

"సోల సోలేనండీ. సరుకు వేరుగదా. కారం తేలిక. ఉప్పుకి సగం కూడా తూగదు. నేను రోజూ తూస్తా."

అందరూ నవ్వారు, నన్ను చూసి కాదు, ఆమెను చూసి. ఇన్స్పెక్టరుగారు కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు. ఆమె కూర్చోలేదు. తన గంపలోంచి కారం సంచీ, ఉప్పు సంచీ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. నేనే సోలకు పోశాను. నేనే తూచాను. ఉప్పు పళ్ళెం కిందికి దిగింది. అదే రాళ్ళకు కారం పళ్ళెం పైనే ఉండిపోయింది. రాళ్ళు ఒక్కొక్కటే తీసేశాను. ఇంకా పైనే ఉంది.

"ఇప్పుడు సరిపోయింది" అంది రత్తమ్మ. నా చేతిలో ఎన్ని గ్రాములు మిగిలాయో నేను చూడలేదు. నేను చూస్తున్నది ఎర్రటి పొడిని. నాకది తెల్లగా కనిపిస్తోంది.

పొడి.

ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.

ఇవాళ గుడికి పోలేదు. పెట్టెలో మిగిలిన పొడి, చెంచా తీసుకుని కంసాలి వీరరాఘవయ్య దగ్గరికి వెళ్ళాను. బంగారం తూచే తక్కెడలో వేయమన్నాను. అతను వింతగా చూసినా వేశాడు. తలగొట్టిన చెంచా పొడి అరతులం, ఆ పైన కొంచెం. నీళ్ళు కూడా తూయించాను. చెంచా నీళ్ళు తులం కంటే ఎక్కువే తూగాయి. పొడి బియ్యం కంటే తేలిక, నీళ్ళు బియ్యం కంటే బరువు. రెండువైపులా నేనే తప్పాను. నా కూతురికి నలభై ఆరు రోజులుగా సగం పాలు కూడా పట్టలేదు నేను.

తర్వాత, అత్త ఎట్లా వేసి ఉంటుందో అట్లా వేసి చూశాను. నా చెంచా, దాని మీద నాలుగు వేళ్ళతో తీసినంత. తూచమన్నాను.

సరిగ్గా తులం.

ఆమె ఉన్న ఆ మూడు వారాలూ పిల్ల బతికింది ఆ నాలుగు వేళ్ళ పొడితో.

10-4-61

నిన్న మధ్యాహ్నం నుంచే తులం తూచి కలుపుతున్నాను. ఇవాళ బడి మానేసి పెనుగంచిప్రోలు వెళ్ళాను. అత్త మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"పిల్లకి బాగాలేదు. రా అత్తా."

"ఎట్టా ఉంది?"

"రా."

అత్త కాయలు అక్కడే వదిలేసింది. మున్నేటిలోకి దిగి ఇసకతో చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. బస్సు వేళవుతోందన్నాను. "కారం చేతులు. పసిపిల్లని ముట్టుకోవాలిగా" అంది. మోచేతుల దాకా ఎర్రబడేటట్టు రుద్దుకుంది. నేను ఒడ్డున నిలబడి చూశాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చెప్పలేదు.

11-4-61

కక్కేస్తోంది. చిక్కటి పాలు ఇముడ్చుకోలేకపోతోంది. విరేచనాలు. అత్త ఒక్కో చుక్కా గుడ్డతో నోట్లో పిండుతోంది.

12-4-61

నందిగామ. కరుణను తక్కెడలో పడుకోబెట్టారు. ఫిబ్రవరిలో ఇక్కడ తూచినప్పటి కంటే తక్కువ ఉంది. దేవమణిగారు రెండుసార్లు తూచింది.

"పాలు ఎట్లా పట్టారండీ?"

"మీ చీటీ ప్రకారమే."

అత్త పక్కనే ఉంది. నేలవైపు చూస్తోంది.

14-4-61

సూది ద్వారా నీళ్ళు ఎక్కిస్తున్నారు. ఇవాళ నా వేలు పట్టుకుంది. కాదు, నేనే దాని చేతిలో పెట్టాను.

16-4-61, ఆదివారం

కరుణ పోయింది.

20-4-61

జయమణి పక్కనే పెట్టాం. అయ్యగారు చదివింది ఏదీ వినబడలేదు.

ఇవాళ అత్త ఊరికి బయలుదేరుతూ బట్టలు మడత పెట్టుకుంటోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. గిద్ద, బియ్యం, చెంచా, రత్తమ్మ, కంసాలి తక్కెడ. పొడి తేలికనీ, నీళ్ళు బరువనీ. నువ్వు దొంగతనంగా వేసిందే సరైన కొలత అని. ఆసుపత్రిలో నేను అబద్ధం చెప్పానని.

మడత పెడుతున్న చీర ఒళ్ళో పెట్టుకుని వింది.

"నాకు లెక్క తెలవదు అబ్బాయ్. నీళ్ళగా ఉన్నయ్యని తెలుసు, అంతే. పిల్ల చప్పరించే తీరు చూస్తే తెలుస్తది."

"అయితే ఎందుకు చెప్పలేదు అత్తా? గట్టిగా ఎందుకు చెప్పలేదు?"

"ఒకసారి చెప్పాగా."

"నాతో పోట్లాడాల్సింది."

"కూలి తగ్గిస్తే ఆసామితోనే పోట్లాడా నేను. అందరూ ఇనేటట్టు బజార్లో నిలబడి అరిచా. నీ దగ్గర నోరు రాలా. మా ఇంటా వంటా చదువుకున్నోడివి నువ్వొక్కడివే. చీటీలో రాసుంది, నువ్వు చదివావు, నా మొద్దు బుర్రకేం తెలుసులే అనుకున్నా. దొంగ అన్నప్పుడన్నా చెప్పాల్సింది. కోపమొచ్చి పోయా." చీర మళ్ళీ మడత పెడుతూ, "పిల్లని ఒదిలేసి పోయా" అంది.

నన్ను తిట్టమని అడిగాను. కొట్టమన్నాను. ఆమె లేచి మూట చంకన పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, "పొయ్యి మీద అన్నం ఉంది, తిను" అని వెళ్ళిపోయింది.

తినలేదు.

25-4-61

రాయడానికి ఏమీ లేదు.

29-4-61

గోడ మీది పట్టిక చెరిపిస్తారా అని హెడ్మాస్టరుగారిని అడిగాను. తప్పని చెప్పాను.

"బియ్యానికి సరిపోతుంది కదయ్యా."

"బియ్యానికే సరిపోతుందండీ."

"మరింకేం? ఇన్స్పెక్టరుగారు మెచ్చుకున్నారు. ఇప్పుడు తుడిపేస్తే నాకు మాటొస్తుంది. నీ మనసు బాగాలేదు, సెలవు పెట్టుకో."

వేసవి సెలవులకు బడి మూసేశాక సున్నం బకెట్టు తెచ్చి నేనే పూసేశాను. ఎండిన తర్వాత చూస్తే అక్షరాలు లోపలి నుంచి కనబడుతున్నాయి. ఇంకో పూత వేశాను.

సంజాయిషీ అడుగుతారు. అడగనీ.

6-5-61

నందిగామ వెళ్ళి దేవమణిగారికి నిజం చెప్పాను. ఆమె చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది.

"ఇక్కడ తక్కెడ ఉంటుంది కాబట్టి తులాల్లో రాయడం నా అలవాటండీ. మీరు పంతులుగారు కదా, వేరే చెప్పక్కర్లేదనుకున్నా" అంది. ఆమె కళ్ళు చెమర్చాయి. నేను ఆమె తప్పేమీ లేదన్నాను. నిజంగానే లేదు.

"ఇట్లాంటి చీటీ ఇంకెవరికైనా ఇచ్చారా?"

పుస్తకం తీసి చూసింది. ఫిబ్రవరిలోనే మరొకరికి ఇచ్చింది. చందర్లపాడు. పుష్పవతి అని, విషజ్వరం వచ్చి పాలు ఎండిపోయిన బాలింత. పొడి కోసం ప్రతి నెలా ఆమె తమ్ముడు వచ్చి పట్టుకెళుతున్నాడు. బిడ్డను మళ్ళీ చూపించలేదు.

8-5-61

తెల్లవారగానే చందర్లపాడు బయలుదేరాను. దారి పొడుగునా ఒకటే లెక్క. ఫిబ్రవరి నుంచి మే. మూడు నెలలు. ఆ ఇంట్లో గిద్ద ఉంటుంది, చెంచా ఉంటుంది. నాలాంటివాడు ఒకడు ఉండకపోతాడా. ఇప్పటికే ఆలస్యమై ఉంటే ఏమని చెప్పాలి? ఊళ్ళోకి వెళ్ళాక పుష్పవతి ఇల్లు అడగడానికి నోరు రాక బావి దగ్గర కొంతసేపు నిలబడ్డాను.

పుష్పవతి ఇరవై ఏళ్ళ పిల్ల. జ్వరానికి రాలిన జుట్టు పొట్టిగా మళ్ళీ మొలుస్తోంది. ఆసుపత్రి సంగతి మాట్లాడాలని వచ్చానంటే మంచం వాల్చింది.

"పాలపొడి చీటీ ఒకటి ఇచ్చారు కదమ్మా. ఒకసారి చూపించు."

"చీటీనా అండీ?" నవ్వింది. "అది ఆ రోజే బస్సులో ఎక్కడో పడిపోయింది. ఉన్నా మా ఇంట్లో చదివేదెవరు?"

"మరి ఎట్లా కలుపుతున్నావు?"

"ఏముందండీ. పొడి ఏసి కలిపి నాలిక మీద చుక్కేసుకుంటా. పాల రుచి రావాల. రాకపోతే ఇంకాస్త ఏస్తా. తాగి పడుకున్నాడా సరిపోయినట్టు, ఏడిచాడా తరవాతి పూట ఇంకాస్త ఏస్తా."

నేను చెప్పాలని వచ్చినవి ఏవీ ఆమెకు అక్కర్లేదు. 

"మీకు పిల్లలా అండీ?" అని అడిగింది.

తల అడ్డంగా ఊపాను.

లోపల బిడ్డ లేచాడు. ఎత్తుకొచ్చింది. మెడ దగ్గర మడతలు, ముంజేతుల మీద మడతలు. నోట్లో పిడికిలి పెట్టుకుని నన్ను చూశాడు. "కాస్త పట్టుకోండి, పాలు కలుపుకొస్తా" అని నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళింది.

బరువుగా ఉన్నాడు.

ఆమె గిన్నె పట్టుకుని తిరిగొచ్చి చేతులు చాపింది. ఇటివ్వండి అంది. మళ్ళీ అంది. పిల్లవాడు ఆకలికి గుక్కపట్టేదాకా నేను ఇవ్వలేకపోయాను.